క్యూలో ఉన్న అక్క

హోలీ పున్నమి పొద్దున. ఆదోని రైల్వే స్టేషన్ బయట ఆటోలో యువరాజ్, సంతేకుడ్లూరు గుడి ముందు వరుసలో జయరాం. ఇద్దరి మధ్య ఫోను.

“దిగినాడురా జయరామా. మీ మామ దిగినాడు.”

“యా మామ?”

“ఇంగా కాని మామ. ప్రొద్దుటూరు శేషప్ప. చీరల అంగడాయన. పిల్ల నాయన.”

“ఆయప్ప రేపు గదరా వచ్చేది?”

“రేపు పాడ్యమి అంట. పాడ్యమి నాడు మంచి పనికి గడప దాటడంట. అందుకే పున్నమికే రైలెక్కినాడు. మీ యమ్మ ఫోన్ చేసి, ‘యువరాజూ, పోయి ఎమ్మిగనూరికి పిలుసుకొని రా, ఇల్లు చూసుకొంటాడు, పిల్లోణ్ణి చూసుకొంటాడు’ అనె.”

“పిల్లోడు ఈడ ఉండాడు గదరా.”

“అదే నేనూ అడుగుతాండేది. పిల్లోడు ఎట్లుండాడు?”

“ఎట్లుంటాను. చీర కట్టుకొని ఉండా.”

“యా చీర?”

“మావిడాకు పచ్చ. ఎర్రంచు. గాజులు, పూలు, కాటిక, అన్నీ.”

“పచ్చలో బాగుంటావులే.”

“ఎగతాళి పట్టాకురా. పానం పోతాంది ఈడ.”

“ఇప్పేసి రారాదా?”

“ఎట్లిప్పేది? మొక్కు. ఈ సంబంధం కుదరాలని మాయమ్మ రతీమన్మథులకు మొక్కుకొన్నె. చీర కట్టుకొని పోయి ఓళిగలు నైవేద్యం పెట్టేదాకా ఇప్పకూడదు. నడమల ఇప్పితే సంబంధం పోతాది.”

“కట్టుకొన్నెది ఆయప్ప చూస్తే?”

“ఇంగా బిర్న, ఆ నిమిషమే పోతాది. పోయినేడు కర్నూలోళ్ళు ఎందుకు పోయిరి? నా హోలీ ఫోటో ఎవడో గ్రూపులో పెడితే, ‘మేము మా పిల్లను మొగోనికి ఇయ్యాలనుకొన్యాము’ అనిరి.”

“క్యూ ఎంతుండాది?”

“నా ముందర అంతా కొప్పులే కనపడతాండాయి. వాటి ముందర యాడో గుడి ఉండాదనే నమ్మకం మింద నిలబడినా.”

“మరి నన్నేం చెయ్యమంటావు?”

“నోరు తెరిస్తే అబద్ధమే గదా నీకు. దినామూ ఊరికే ఆడతావు. ఈ పొద్దన్నా పనికొచ్చేటివి ఆడు. మధ్యాన్నం దాకా ఆయప్పను ఆదోనిలోనే తిప్పు.”

“ఆదోనిలో ఏముందిరా మధ్యాన్నం దాకా చూపిచ్చేదానికి?”

“కోట లేదా? మసీదు లేదా? రణమండల ఆంజనేయస్వామి లేడా? ఎన్ని వందలేండ్ల ఊరురా ఇది. చూసేవానికి చూసినంత.”

“నేను పుట్టినకాడ నుంచి ఈడే ఆటో తోలుతాండా. ఒక్కసారన్నా ఆ కోట ఎక్కలేదు.”

“ఈ పొద్దు ఎక్కు.”

“సరే పెట్టేయ్. వస్తాండాడు. తెల్ల పంచె, చంకలో గొడుగు, మొగంలో నవ్వు లేదు. యముడు సెలవు పెట్టి సుట్టాలింటికి పోతాండేట్లు ఉండాడు.”

స్టేషన్ దగ్గర ఆటోలో.

“నువ్వేనా అబ్బీ, హంపమ్మ పంపిచ్చిన పిల్లోడు?”

“నేనే మామా. యువరాజ్. జయరాం నాకు పెద్దమ్మ కొడుకు. రాండి, కూసోండి. ఆ స్ప్రింగు మింద వద్దు, ఇట్ల జరగండి.”

“నేరుగా ఎమ్మిగనూరికి పోనీ. ఇల్లు చూసుకొని, పిల్లోణ్ణి చూసుకొని, సాయంత్రం రైలుకు ఎల్లిపోతా.”

“పోదాం మామా. పోలేము.”

“యాల పోలేము?”

“ఈ పొద్దు హోలీ గదా. ఎమ్మిగనూరు రోడ్డు మింద పిల్లనాయాండ్లు రంగు డ్రమ్ములు పెట్టుకొని కూసున్యారు. ఒకాయన తెల్ల ఎద్దు ఆ దోవన పోయింది. సాయంత్రం ఆయన దాన్ని గుర్తుపట్టలేక, సంతలో కొత్త ఎద్దనుకొని కొనుక్కొన్యాడు.”

“సాయంత్రమా? ఇంగా పొద్దునే గదా అబ్బీ.”

“పోయినేటి మాట మామా.”

“ఈ పంచె మడత ఇప్పింది ఈ పొద్దే.”

“అందుకే చెప్తాండా. మధ్యాన్నానికి వాళ్ళ రంగు అయిపోతాది, నీళ్ళు అయిపోతాయి, వాళ్ళమ్మలు కట్టెలెత్తుకొని వస్తారు. అప్పుడు హాయిగా పోదాం. అంతలోకి మా ఆదోని చూపిస్తా. ఆదోని చూడకుండా పోయినోడు ఎవడూ బాగుపడలేదు.”

“చూసినోడు?”

“వాడూ పడలేదు. చూసినాననే తృప్తి ఉంటాది.”

“నువ్వు ఎప్పుడూ ఇట్లే మాట్లాడతావా?”

“లేదు మామా. ఈ పొద్దు సుట్టాలు వచ్చినారని కొంచెం తగ్గించినా. ముందర ఈ అంగట్లో ఉగ్గాని తినండి. బజ్జీ కొరకండి.”

“కారం ఉంటాదా?”

“ఏముండదు. పోయిన వారం ఒకాయన కొరికి ‘కారమే లేదే’ అన్యాడు. అదే ఆయప్ప ఆఖరి మాట.”

“సచ్చిపోయినాడా?”

“లేదు, మాట పోయింది. మనిషి బాగుండాడు. ఆయన భార్య దినామూ వచ్చి ఈ అంగడికి దండం పెట్టుకొని పోతాది.”

“నీళ్ళు ఇయ్యి.”

“తాగండి. ఇట్ల చూడండి, పత్తి మార్కెట్ యార్డు. పైన ఆ మబ్బులు చూసినారా?”

“చూసినా. మంచి మబ్బే. వాన వస్తాదేమో.”

“రాదు. అవి మబ్బులు కాదు, దూది. జిన్నింగు మిల్లుల కాడ లేచి పోయి ఆడ నిలబడుకొంటాది. మా కరువుకు కారణం అదే. పైకి పోయి పిండినా సుక్క రాలదు.”

“నేను ముప్పై ఏండ్లుగా చీరల యాపారం చేస్తాండా అబ్బీ. నాకు దూదికీ మబ్బుకూ తేడా తెలీదా?”

“తెలిసినోళ్ళే ఎక్కువ మోసపోతారు మామా.”

“అది ఉండనీ. పిల్లోడు ఎట్లాంటోడు? ఒక్క మాటన్నా నిజం చెప్పు.”

“జయరామా? మగ్గం మింద కూసుంటే పక్కన పిడుగు పడినా పోగు తెగదు.”

“తాగుతాడా?”

“టీ గూడ ఊది, ఊది, సల్లారినాంక పక్కనోనికి ఇచ్చేస్తాడు.”

“కోపం?”

“కోపం వస్తే గమ్మున పోయి నేస్తాడు. పోయినేడు కర్నూలు సంబంధం తప్పిపోయిన దినం ఒక చీర మొదలుపెట్టినాడు. కొంగు రావల్సిన కాడ రాలేదు, నేస్తానే ఉండాడు. చీర వీధి మలుపు దాకా వచ్చింది. మేమంతా కత్తెరలు ఎత్తుకొని పోయి ఆపినాము.”

“యాల తప్పిపోయింది కర్నూలు సంబంధం?”

“అదిగో మామా, మసీదు. షాహీ జామియా మసీదు.”

“సంబంధం యాల తప్పిపోయిందంటే...”

“ఆ రాతి పని చూడండి. ఆ కమాన్లు చూడండి. కొంచెం వంగి చూడండి, ఆటో టాపు అడ్డం.”

“అబ్బబ్బా. బాగుంది అబ్బీ. మా పట్టు అంచులో పెట్టొచ్చు ఈ పూలను. యా కాలందిది?”

“పాత కాలంది.”

“అది నాకూ కనపడతాంది. ఎవరు కట్టిచ్చిరి?”

“సిద్ది మసూద్ ఖాన్.”

“ఇదీ నీ ఎద్దు కతేనా?”

“లేదు మామా, ఇది నిజం. మసీదు కాడ అబద్ధం ఆడను. వీధి దాటినాంక మళ్ళీ మొదలుపెడతా. ఒక్క నిమిషం, ఫోను. ఆ, అక్కా, చెప్పక్కా. ... నువ్వే అక్కా. నీకే చెప్తాండా అక్కా. ... ఈడే, మసీదు కాడ. పక్కనే సుట్టాలాయన ఉండాడు అక్కా. ... నువ్వు యాడికి వచ్చినావు? ... కొబ్బరికాయల అంగడి దాకానా? పొద్దుననుంచి అంతేనా? ... కొప్పు జారుతాందా? పిన్ను పెట్టుకో. ... చెమటకు కాటిక కారుతాంటే నేనేం చేసేది? ... సరే, చూస్తా. పెట్టేయక్కా.”

“ఎవరబ్బీ?”

“మా అక్క మామా.”

“సొంత అక్కా?”

“పెద్దమ్మ బిడ్డ.”

“హంపమ్మకు ఒక్కడే కొడుకంటిరే.”

“ఇంగొక పెద్దమ్మ. మాకు పెద్దమ్మలు ఎక్కువ.”

“యాడుండాది పాపం, అంత ఎండలో?”

“గుడి కాడ. క్యూలో.”

“ఏం మొక్కు?”

“పెండ్లి కుదరాలని.”

“అయ్యో. వయసెంత?”

“ముప్పై దగ్గరకు వచ్చింది.”

“ఇంతవరకు యాల కుదరలేదు?”

“మనిషి బంగారం మామా. కొంచెం బలంగా ఉంటాది.”

“బలంగా అంటే?”

“వడ్ల మూట ఒక్క చేత్తో ఎత్తి భుజానికి ఏసుకొంటాది.”

“పనిమంతురాలు అను.”

“గొంతు కొంచెం గరుకు.”

“గొంతుతో ఏం పని అబ్బీ? గుణం ముఖ్యం.”

“పై పెదవి మింద...”

“ఆ?”

“పుట్టుమచ్చ మామా. పెద్దది. అడ్డంగా ఉంటాది.”

“దానికే వద్దన్యారా? ఏం మనుషులప్పా. నువ్వు దిగులు పడాకు. నేను చూస్తా.”

“మీరెందుకు మామా చూసేది? మీ పని మీకుండాది. అమ్మాయి ఏం చేస్తాది?”

“శోభా? స్కూల్లో ఆటల టీచరు. కబడ్డీ నేర్పిస్తాది. ఈల ఊదితే ఐదొందల మంది పిల్లోళ్ళు గీత మింద నిలబడతారు. ఇంట్లో గూడ పాలు పొంగితే ఈల ఊదుతాది.”

“పొంగేది ఆగుతాదా?”

“నేను ఆగుతా. ఎక్కడుంటే ఆడ.”

“మా పెద్దమ్మకు సరిపోతాది. హంపమ్మ పెద్దమ్మ కోరేది ఒక్కటే మామా. డబ్బు వద్దు, బంగారు వద్దు.”

“ఏంది కోరేది?”

“కోడలు ఇంట్లో నేసిన చీర కట్టుకొని పదిమందిలో నిలబడాల. అంతే. ‘మేము ఇన్ని తరాలు ఊరికంతా చీరలు నేసి, నా కోడలు చీర కట్టకపోతే మగ్గం ఉసురు తగులుతాది’ అంటాది. అదెంత పని లెండి. చీరల అంగడాయన బిడ్డ. బాగా కట్టుకొంటాది గదా?”

“ఆ కొండ మింద కనపడతాండేది ఏంది?”

“కోట. చీర బాగా...”

“ఎన్ని గోడలప్పా. ఒకదాని మింద ఒకటి. ఎక్కుదాం పా.”

“ఇప్పుడా? ఎండ చూసినారా?”

“ఆదోని చూడకుండా పోయినోడు బాగుపడడని నువ్వే గదా అంటివి.”

“కింద నుంచి చూసినా బాగుపడతారు మామా. నేను అట్లే బాగుపడినా.”

“బండి ఆపు. గొడుగు ఉండాది. నడువు.”

కోట మీద.

“మామా. కొంచెం నిలబడండి. ఊపిరి కింద మెట్ల కాడ వదిలిపెట్టి వచ్చినా.”

“నీ వయసులో నేను ప్రొద్దుటూరు నుంచి మూట ఎత్తుకొని ఊరూరు తిరిగినా. ఈ బురుజు ఏంది?”

“ఇది సైనికులు అలిసిపోయే బురుజు.”

“ఆ పక్కది?”

“శత్రువులు అలిసిపోయే బురుజు. ఇద్దరూ అలిసిపోయి, యుద్ధం రేపు చేసుకొందాం అని దిగిపోయేవాళ్ళు. అందుకే కోట ఇన్నేండ్లు నిలబడింది.”

“ఆ కొండ మింద గుడి?”

“రణమండల ఆంజనేయస్వామి. దండం పెట్టుకోండి. ఇది నిజం.”

“నీ మాటల్లో ఏది నిజమో నువ్వు చెప్తే గాని తెలీదు. అబ్బా, ఏం గాలి అబ్బీ. ఊరంతా కనపడతాంది. ఆ పచ్చగా ఉండేది ఏంది?”

“అది పొలం మామా. మాకూ కొత్తే. ఇంగ దిగుదామా? రంగులు అయిపోయి ఉంటాయి. ఎమ్మిగనూరికి పోదాం.”

“తొందరేముందిలే. కూసో. ఇంగా ఆ పక్క గోడ చూడలేదు.”

“పొద్దున ఎమ్మిగనూరు, ఎమ్మిగనూరు అంటిరి?”

“అంటిని. ఇప్పుడు కోట, కోట అంటాండా. మనిషన్నాక మారతాడు.”

“ఏమన్నా ఇబ్బందా మామా?”

“ఏం ఇబ్బంది? ఏం లేదు. అవునబ్బీ, హంపమ్మ ఆ చీర మాట గట్టిగా అంటాదా, ఊరికే అంటాదా?”

“దేవుని ముందర కర్పూరం ఆర్పి అంటాది.”

“ఊఁ. ... ఈ గోడ రాళ్ళు బాగా పేర్చినారు.”

“బాగా పేర్చినారు మామా.”

“నేను మా బామ్మర్దికి ఫోన్ చేసినాలే, నువ్వు ఆడ ఊపిరి ఏరుకొంటాండేటప్పుడు.”

“దేనికి?”

“మీ అక్క సంగతి. వాళ్ళ పిల్లోడు సుంకన్నకు పిండిమిల్లు ఉండాది. మూటలు ఎత్తే పిల్ల దొరకలేదని ఇన్నాళ్ళు ఆగినారు. నేను చెప్తానే ఇంటిల్లిపాదీ లేసి నిలబడిరి. ఈ పొద్దే చూసి చెప్పమన్యారు. గుడి యాడ?”

“దూరం మామా.”

“ఎమ్మిగనూరు కంటే దూరమా?”

“ఆయమ్మకు పెండ్లి ఇష్టం లేదు.”

“పెండ్లి కోసరమే మొక్కిందంటివే?”

“వేరేవాళ్ళ పెండ్లి.”

“అబ్బీ, ఇట్ల చూడు. ఇంతసేపు రాళ్ళు చూపిచ్చినావు, గోడలు చూపిచ్చినావు, దూది మబ్బులు చూపిచ్చినావు. ఒక మనిషిని చూపియ్యలేవా? బిడ్డకు సంబంధం కుదరకపోతే ఆ ఇంట్లో అన్నం ఎట్ల దిగుతాదో నాకు తెలుసు. వచ్చినోళ్ళు కాఫీ తాగి, బాగుందని చెప్పి, గేటు దాటినాంక నవ్వుకొంటా పోతారు. ఆ నవ్వు మనకు ఇనపడతాది. నేను విన్నా. ఇంగొకరికి ఆ బాధ తప్పిస్తే నా బిడ్డకూ మంచి జరుగుతాది. పా.”

“మామా, ఒక్క ఫోను చేసుకోనీండి. ... అక్కా. మేము వస్తాండాము. ... నేనూ, సుట్టాలాయన. ... నిన్ను చూసేదానికి. ... సంబంధం అక్కా. ... నీకే. ... పిల్లోడు. పిండిమిల్లు. ... తిట్టాకు అక్కా, గుడి కాడ ఉండావు. ... నేను చెప్పలేదు, వాళ్ళే ఇష్టపడినారు. ... ముసుగేసుకో. ... ఆ, కిందికి. ఇంగా కిందికి. అడ్డంగా ఉండే పుట్టుమచ్చ దాకా.”

సంతేకుడ్లూరు. గుడి ముందు వరుస.

“అబ్బీ.”

“మామా.”

“ఆ యమ్మకు మీసం ఉండాది.”

“ఉంటాది మామా.”

“ఆ వెనకాలామెకు గడ్డం గూడ ఉండాది.”

“లారీ డ్రైవరు. నిన్ననే దిగింది. తీరిక దొరకలేదు.”

“ఎగతాళి చాలు. ఏందిది?”

“ఇది ఆచారం మామా. హోలీకి ఈడ మొగోళ్ళు చీర కట్టుకొని, పూలు పెట్టుకొని, రతీమన్మథులకు మొక్కు తీర్చుకొంటారు. తాతల కాలం నుంచి ఉండాది. అడ్వకేట్లు కడతారు, సారువాళ్ళు కడతారు, బెంగళూరులో ఉద్యోగం చేసేవాళ్ళు సెలవు పెట్టి వచ్చి కడతారు. ఇది అబద్ధం కాదు.”

“పొద్దుననుంచి నువ్వు చెప్పిన అబద్ధాలన్నిట్లో ఇదే పెద్దది.”

“కండ్ల ముందర ఉండాది గదా మామా.”

“అదే నాకు అర్థం కాకుండేది. నీ అబద్ధాలకు ఇంతమంది చీరలు యాల కట్టుకొంటారు?”

“నిజం గనక.”

“మరి మొగోళ్ళ వరుసలో మీ అక్క యాల నిలబడింది?”

“గొడుగు తెరవండి మామా, ఎండ.”

“ఏది మీ అక్క?”

“ఆ పచ్చ చీర. ఎర్రంచు.”

“ముసుగేసుకొనింది.”

“సిగ్గు మామా.”

“తప్పుకో. అమ్మా. ఓ తల్లీ. నీ పేరేంది?”

“జ... జయమ్మ.”

“జలుబు చేసిందామ్మా?”

“ఊఁ.”

“మీ తమ్ముడు అంతా చెప్పినాడు. దిగులు పడాకు. మా బామ్మర్ది కొడుకు బంగారట్లాంటి పిల్లోడు. పుట్టుమచ్చలు పట్టించుకొనే రకం కాదు.”

“వద్దు సామీ.”

“యాల తల్లీ?”

“నాకు... మనసులో వేరేవాళ్ళు ఉండారు.”

“ఔనా. ఎవరమ్మా? యా ఊరు?”

“ప్రొద్దుటూరు.”

“మా ఊరే. చెప్పు, నేను మాట్లాడతా. ఎవరింట్లో?”

“చీరల అంగడి శేషప్ప ఇంట్లో.”

“శేషప్ప నేనే గదమ్మా. మా ఇంట్లో పెండ్లి కావల్సిన మొగపిల్లోడు ఎవడూ లేడే. ఉండేది ఒక్క... ముసుగు తియ్యి.”

“తీస్తే మీరు పోతారు.”

“తియ్యి.”

“నమస్కారం మామా. నేను జయరాం.”

“ఫోటోలో ఇట్ల లేవే.”

“ఫోటోలో ప్యాంటు ఉన్నె.”

“యువరాజూ.”

“నేను ఈడ లేను మామా.”

“కర్నూలు సంబంధం ఎట్ల పోయెనో ఇప్పుడు తెలిసింది.”

“వాన్ని తిట్టాకండి మామా. తిప్పమన్నెది నేనే. మీరు చూస్తే పోతారని భయం.”

“భయమున్నోడు యాల కట్టుకోవల్ల?”

“మొక్కింది మాయమ్మ. కట్టుకొంటానన్నెది నేను. మీరు పంపిచ్చిన ఫోటోలో మీ అమ్మాయి నోట్లో ఈల పెట్టుకొని, ఎవరినో గీత దాటొద్దని అరుస్తాండేట్లు ఉన్నె. ఆ ఫోటో చూసినాంక, ఈ ఏడు గూడ కట్టుకొంటా అని మాయమ్మకు చెప్పినా. ఇంగ మీ ఇష్టం. మీరు పోతే పోండి మామా. నేను మాత్రం ఓళిగలు పెట్టే వస్తా. కొబ్బరికాయల అంగడి నుంచి ఈడికి జరిగేటప్పటికి సగం పానం పోయింది.”

“సుంకన్న వాళ్ళకు ఏం చెప్పల్ల నేను? ఆడ ఇల్లంతా నిలబడి ఉండారు.”

“కూసోమని చెప్పండి మామా.”

“నువ్వు లేవంటివి గదా యువరాజూ, మాట్లాడాకు. జయరామా, ఈ చీర ఎవరు కట్టినారు నీకు?”

“నేనే.”

“పక్కన ఎవరూ పట్టలేదా?”

“నేసినోనికి కట్టేది రాదా మామా? ముందర ఆ నలుగురికి గూడ నేనే కట్టినా. ఆ లారీ డ్రైవరుకు గూడ.”

“తిరుగు. ... కుచ్చిళ్ళు ఎన్ని పిన్నులు?”

“ఒకటే.”

“ఒకటేనా? భుజం కాడ?”

“భుజం కాడ అక్కర్లేదు. ఈడ దోపుకొంటే నిలబడుతాది.”

“ఎగురు.”

“ఏంది మామా?”

“ఎగురు చెప్తా.”

“మొక్కులో ఎగిరేది లేదు మామా.”

“ఎగరరా, పెద్దాయన చెప్తాండాడు.”

“నువ్వుండు యువరాజూ. ... ఎగిరినా మామా. సాలా?”

“ఇంగొకసారి. చేతులు పైకెత్తి. కబడ్డీలో ఎగిరేట్లు.”

“అమ్మా. గాజులు రెండు పగిలిపోయినాయి.”

“గాజులు పోతే పోనీ. కుచ్చిళ్ళు జారలేదు. పైట జారలేదు. అబ్బీ యువరాజూ.”

“ఇప్పుడు ఉండానా మామా నేను?”

“ఉండావు. హంపమ్మ ఏమంటాదంటివి? మళ్ళీ చెప్పు, నీది ఒక్క అక్షరం కలపకుండా.”

“కోడలు ఇంట్లో నేసిన చీర కట్టుకొని పదిమందిలో నిలబడాల.”

“ఎవరు కట్టల్లనేది చెప్పిందా?”

“ఎవరు కట్టేదేముంది? అది... లేదు. చెప్పలేదు.”

“మామా, లైను జరుగుతాంది. పొమ్మంటే పోతా. సంబంధం వద్దంటే ఈడే చెప్పేయండి, మాయమ్మకు నేను చెప్పుకొంటా.”

“ఇను నాయనా. నా అంగట్లో చీరలు కట్టని ఆడది మా ఊర్లో లేదు, నా బిడ్డ ఒక్కతే. కట్టుకొనేది రాదు. కట్టిస్తే నిలబడదు. నాలుగు అడుగులేస్తే పిల్ల ముందర, చీర వెనక. కాఫీ తాగి నవ్వుకొంటా పోయినోళ్ళంతా దానికే పోయిరి. నువ్వు పోయి ఓళిగలు పెట్టి బిర్న రా, పెండ్లి పొద్దున నా బిడ్డకు నువ్వే కట్టల్ల.”